మోటారుబండిలోని విద్యుత్తు - పెట్రోలు ఖర్చు

ఒకప్పుడు మోటారుబండి జమీందారుల లోగిళ్లలోను, పెద్ద వకీళ్ల యిండ్ల ముంగిళ్లలోను మాత్రమే కానవచ్చెడిది. నేడది మధ్యతరగతి సంసారములలో గూడ ప్రవేశించినది. బిడ్డలను బడికి దింపుట, పెద్దవారిని వైద్యునియొద్దకు గొనిపోవుట, పండుగకు పుట్టింటికేగుట మున్నగు పనులు పెక్కుయిండ్లలో కారుతోనే జరుగుచున్నవి. కారు నడుపు స్త్రీల సంఖ్యయు నానాటికి హెచ్చుచున్నది. తాను నడుపకపోయినను, నెల కడపట పద్దు చూచుకొని నిట్టూర్చునది ఇల్లాలే. బియ్యము, పాలు, కూరలు, బడిజీతములు అను వరుసలో ఇప్పుడు పెట్రోలును చేరినది. 2021 వ సంవత్సరమున మన తెలుగునాట దాని వెల లీటరునకు నూఱు రూపాయలు దాటినది. కావున ఆ పద్దు ఎందువలన పెరుగుచున్నదో తెలిసికొనుట గృహిణికి అనవసరమైన విషయము కాదు.

కారులోని దీపములు, రేడియో, ఫ్యాను, చల్లనిగాలి యంత్రము మొదలగువాని విషయమున మనవారిలో రెండు విధములైన అభిప్రాయములు గలవు. “ఇంజిను ఎట్లును తిరుగుచునే యున్నది, కరెంటు దానంతట అది పుట్టుచున్నది, దానికి వేఱుగా ఖర్చేమున్నది?” అని కొందఱందురు. మఱికొందఱు ప్రొద్దుగ్రుంకినను దీపములు వేయక, వానలో గూడ అద్దము తుడుచు పుల్లలను ఆపి ఆపి నడుపుచు, పెట్రోలు మిగిల్చుచున్నామని సంతోషింతురు. మొదటి వారి వలన ధనము వ్యర్థమగుచున్నది. రెండవ వారి వలన ప్రాణములకే అపాయము గలుగవచ్చును. ఈ రెంటిలో నిజమెంతయో, ఏ వస్తువు ఎంత పెట్రోలు తినునో లెక్కకట్టి తెలుపవలెనని మా యుద్దేశము.

కారులోనికి విద్యుత్తు వచ్చిన కథ

మోటారుబండి చరిత్రలో స్త్రీలకు గల స్థానము చిన్నది కాదు. 1888 వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీ దేశములో బెర్తా బెంజి యను నామె, తన భర్తయగు కార్లు బెంజి నిర్మించిన మూడుచక్రముల బండిలో, తన యిద్దఱు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైము నుండి ఫోర్జుహైము వఱకు 106 కిలోమీటర్లు ప్రయాణము చేసెను. మోటారుబండిపై అంత దూరము పోయినవారు అంతకుముందు లేరు. నూనె అయిపోగా త్రోవలో వీస్లోకు అను ఊరి మందుల అంగడిలో కొని పోసికొనెను. ఇంజినులో నిప్పురవ్వ పుట్టించుటకు దక్క ఆ బండిలో విద్యుత్తుతో పనియే లేదు. దానికి దీపములు లేవు.

1903 వ సంవత్సరమున అమెరికాలో మేరీ ఆండర్సను అను స్త్రీ, బండి ముందరి అద్దమును లోపలినుండియే చేతిపిడితో తుడుచు సాధనమును కనిపెట్టి దానికి హక్కుపత్రము పొందెను. ఆ కాలమున ఇంజినును కదల్చుటకు ముందువైపున ఇనుపకమ్మి దూర్చి బలముగా త్రిప్పవలసియుండెడిది. ఆ కమ్మి ఒక్కొక్కసారి వెనుకకు తన్ని త్రిప్పువారి మణికట్టు విఱుగగొట్టెడిది. ఈ కారణముననే పలువురు స్త్రీలు పెట్రోలు బండిని నడుపుటకు జంకిరి. చార్లెసు కెట్టరింగు అను ఇంజనీరు నిర్మించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాకు కార్లలో అమర్పబడినది. దానితోబాటు విద్యుద్దీపములును, విద్యుత్తును పుట్టించు యంత్రమును వచ్చినవి. మీట నొక్కిన బండి కదలుట అప్పటినుండియే. 1940 నాటి ప్యాకార్డు కార్లలో చల్లనిగాలి యంత్రము గూడ చేరినది. పిమ్మట రేడియో, అద్దములను ఎత్తించు దించు మోటార్లు, వెనుక అద్దమున మంచును పోగొట్టు తీగలు, నేడు చేతిఫోనుకు శక్తినిచ్చు బెజ్జములు - ఒకదానివెంట నొకటి వచ్చి కూర్చున్నవి. ఇవన్నియు సుఖమునిచ్చునవే. అయితే వీనిని పోషించువారెవరు?

తిరుగలి నేర్పు పాఠము

కారులోని బ్యాటరీయే ఈ పరికరములను నడపుచున్నదని పలువురు తలంతురు. బ్యాటరీ మన యింటి గాదెవంటిది. గాదెలో ధాన్యము నిలువయుండును గాని పండదు. పండించు పొలము వేఱు. కారులో ఆ పొలము ఆల్టర్నేటరు అను యంత్రము. ఇంజిను తిరుగునప్పుడు ఒక రబ్బరు పట్టీ దీనిని గూడ త్రిప్పును. అది తిరిగి విద్యుత్తును పుట్టించి, దీపములకు, ఫ్యానులకు పంచి, మిగిలినదానిని బ్యాటరీలో నింపును.

ఇంజిను ఎట్లును తిరుగుచుండగా ఆల్టర్నేటరు త్రిప్పుటకు వేఱుగా ఖర్చేల యని ఇక్కడనే సందేహము గలుగును. దీనికి సమాధానము మన తిరుగలి చెప్పగలదు. తిరుగలిలో గింజలు లేనప్పుడు పిడి పట్టి ఒక చేతితో సులభముగ త్రిప్పవచ్చును. ఒక పిడికెడు గింజలు పోసిన కొంచెము బరువగును. పప్పు విసరునప్పటి బరువు వేఱు, పిండి విసరునప్పటి బరువు వేఱు. రాయి అదియే, పిడి అదియే. పని పెరిగినకొలది చేతికి శ్రమ పెరుగును. ఆల్టర్నేటరును ఇట్టిదే. పరికరములన్నియు ఆపియున్నప్పుడు అది తేలికగా తిరుగును. దీపము వేసిన తోడనే బరువెక్కును. ఫ్యాను వేసిన మఱికొంత బరువెక్కును. ఆ బరువును త్రోయుటకు ఇంజిను మఱికొంత పెట్రోలును పీల్చుకొనును.

పాతరోజులలో సైకిలు చక్రమునకు డైనమో తగిలించుకొని రాత్రివేళ త్రొక్కినవారికి ఈ సంగతి కాళ్లకే తెలియును. దీపము వెలుగుచున్నంతసేపు పెడలు బరువుగా నుండెడిది. ఇంగ్లండులో మైకేలు ఫారడే 1831 వ సంవత్సరమున అయస్కాంతపు కదలికచే విద్యుత్తు పుట్టునని చూపెను. 1834 లో లెంజి యను శాస్త్రజ్ఞుడు, అట్లు పుట్టిన విద్యుత్తు తన్ను పుట్టించిన కదలికనే ఎదిరించునని సూత్రీకరించెను. తిరుగలికి బరువెక్కుట, డైనమోకు బరువెక్కుట కారణములు వేఱయినను ఫలితమొక్కటే. శ్రమ లేక పిండి రాదు. పెట్రోలు లేక కారులో వెలుగు రాదు.

లీటరునకు ఎన్ని యూనిట్లు?

ఇంటి విద్యుత్తు బిల్లులో “యూనిట్లు” అను మాటను మనము ప్రతినెలయు చూచుచున్నాము. వేయి వాట్ల పరికరము ఒక గంట పనిచేసిన ఒక యూనిటు. ఈ కొలతతోనే పెట్రోలును గూడ కొలువవచ్చును. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి యిమిడియున్నది. అయితే దానిలో మూడు పాళ్ల వఱకు ఇంజిను వేడిగా మారి, పొగగొట్టము ద్వారమునను రేడియేటరు ద్వారమునను గాలిలో కలిసిపోవును. త్రిప్పు శక్తిగా మనకు చేతికందునది రమారమి రెండున్నర యూనిట్లు. దానిని ఆల్టర్నేటరునకిచ్చిన అదియు కొంత తిని, నూటికి అఱువది పాళ్లు మాత్రమే విద్యుత్తుగా తిరిగి యిచ్చును. అనగా లీటరు పెట్రోలు కాల్చిన కారులో లభించు విద్యుత్తు దాదాపు ఒకటిన్నర యూనిటు. బండినిబట్టి, వేగమునుబట్టి కొంత హెచ్చుతగ్గులుండును గాని గృహిణి లెక్కకు ఇది చాలును.

లీటరు వెల నూఱు రూపాయలని యెంచినను, కారులో పుట్టు విద్యుత్తు యూనిటునకు 66 రూపాయలు దాటుచున్నది. ఇంటిలో యూనిటునకు మనమిచ్చునది ఏ కొద్ది రూపాయలో! ఇంటిలో ఎవరైన అక్కఱలేని దీపము వెలుగుచుండుట చూచిన కేకవేయు ఇల్లాలు, అంతకు ఎన్నో రెట్లు ప్రియమైన విద్యుత్తు కారులో ఊరకే పోవుచుండగా చూచి యూరకుండుట తగునా?

ఏ వస్తువు ఎంత తినును?

పై లెక్కనుబట్టి ఒక సులభమైన సూత్రము చెప్పుదుము. ప్రతి 15 వాట్లకు గంటకు 10 మిల్లీలీటర్ల పెట్రోలు, అనగా రెండు చిన్న చెంచాలు. దీనిని మనస్సున నుంచుకొని ఒక్కొక్కదానిని చూతము.

రేడియో లేక పాటలపెట్టె మామూలు ధ్వనితో 15 వాట్ల వంతున తినును. గంటసేపు పాటలు వినినందుకు రెండు చెంచాల పెట్రోలు. చేతిఫోనును కారులో పెట్టి నింపుకొనుటయు అంతే. వీనినిగూర్చి బెంగపడవలసిన పనిలేదు.

ముందుదీపములు పాతరకపు హాలోజను బల్బులైన ఒక్కొక్కటి 55 వాట్లు. వెనుక దీపములు మున్నగునవి కలుపుకొనిన మొత్తము 150 వాట్ల దఱిదాపునకు వచ్చును. గంటకు 100 మిల్లీలీటర్లు. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపములైన ఇందులో మూడవవంతుతోనే సరిపోవును. వానలో అద్దము తుడుచు పుల్లలు గంటకు నాలుగైదు పదుల మిల్లీలీటర్లు తినును.

లోపలికి గాలి విసరు ఫ్యాను తక్కువ వేగమున గంటకు 30 మిల్లీలీటర్లతో తృప్తిపడును. పూర్తివేగమున పెట్టిన 200 వాట్లు దాటి, 150 మిల్లీలీటర్ల వఱకు త్రాగును. వెనుక అద్దపు మంచును పోగొట్టు తీగలును గంటకు 100 మిల్లీలీటర్ల వంతువి. అయితే పది నిమిషములలో వాని పని తీఱును. చలికాలమున ఉదయము వేసి, ఆపుట మఱచి, మధ్యాహ్నము వఱకు నడిపిన యెడల ఎండలో అద్దమును పెట్రోలుతో కాచినట్లగును.

చల్లనిగాలికి గల ఖరీదు

ఇక అన్నిటికంటె పెద్ద భోక్త చల్లనిగాలి యంత్రము, అనగా ఏ.సి. పెట్రోలు కార్లలో సాధారణముగా దీని ప్రధానభాగమైన కంప్రెసరును విద్యుత్తు నడపదు. ఇంజినే పట్టీతో నేరుగా త్రిప్పును. దాని ఫ్యానులు మాత్రమే విద్యుత్తుతో తిరుగును. కంప్రెసరు ఎండ తీవ్రతనుబట్టి ఒకటి రెండు కిలోవాట్ల బలమును కోరును. పై లెక్కప్రకారము గంటకు 400 మొదలు 800 మిల్లీలీటర్ల పెట్రోలు. ఒక గంట ఏ.సి. కైన ఖర్చుతో నలువది గంటలకు తక్కువ కాకుండ రేడియో వినవచ్చును! మిక్కిలి వేడిగానున్న దినములలో, ముఖ్యముగా కొద్దిదూరపు ప్రయాణములలో, ఏ.సి. వలన లీటరునకు పోవు దూరము నూటికి 25 పాళ్లకు పైగా తగ్గవచ్చునని అమెరికా ప్రభుత్వపు ఇంధనశాఖవారు తెలుపుచున్నారు.

ఒక సంసారమును ఉదాహరణముగా గైకొందము. కారు దినమునకు ఒక గంట చొప్పున నెలకు 25 దినములు నడచుననుకొనుడు. పట్టణపు వీథులలో గంటకు రెండున్నర లీటర్లు ఖర్చయిన నెలకు 62 లీటర్ల పైచిలుకు. దినమునకు గంటసేపు రేడియో వినిన నెలకు పావులీటరు, అనగా 25 రూపాయలు. హాలోజను దీపములు దినమునకు అరగంట వెలిగిన లీటరుంబావు, 125 రూపాయలు. వేసవిలో ఏ.సి. గంటకు 600 మిల్లీలీటర్ల వంతున 15 లీటర్లు, 1,500 రూపాయలు. ఫ్యాను పూర్తివేగమున నడచిన మఱి 375 రూపాయలు. దీనినిబట్టి పొదుపు ఎచ్చట వెదకవలెనో స్పష్టము. ఏనుగు దూరు సందును తెఱచియుంచి, చీమ దూరు సందును మూయుట వివేకము గాదు.

రోహిణీకార్తెలో రోళ్లు పగులునను మన దేశమున ఏ.సి. మానుడని మేము చెప్పము. పసిబిడ్డలు, గర్భిణులు, వృద్ధులు ఉన్న బండిలో అది విలాసము గాదు, అవసరము. దానిని తెలివిగా వాడుకొనుటయే కావలసినది. ఎండలో నిలిచిన కారు లోపలి వేడి గంటలో బయటికంటె ఇరువది డిగ్రీలు హెచ్చవచ్చును. అందు పెద్దభాగము మొదటి అరగంటలోనే పెరుగును. కావున చెట్టునీడను నిలుపుట మొదటి పొదుపు. ఎక్కిన వెంటనే తలుపుల అద్దములు దించి, ఒకటి రెండు నిమిషములు కదలిన పిమ్మట, వేడిగాలి వెడలిపోగా అద్దములెత్తి ఏ.సి. వేయుట రెండవ పొదుపు. చల్లబడిన తరువాత లోపలిగాలినే తిరుగజేయు మీటను పెట్టి ఫ్యాను తగ్గించుట మూడవది. దూరప్రయాణములలో మాత్రము నడుమనడుమ బయటిగాలిని రానీయవలెను. ఊరిలో మెల్లగా పోవునప్పుడు అద్దములు దించుకొనుట చవుక. పెద్దబాటపై వేగముగా పోవునప్పుడు తెఱచిన అద్దములలో గాలి చొఱబడి బండిని వెనుకకు లాగును; అప్పుడు అద్దములు మూసి ఏ.సి. వేసికొనుటయే మేలు.

పొదుపు తగని చోట్లు

ఇచ్చట మా సోదరీమణులకు గట్టిగా చెప్పదలచిన మాట యొకటి గలదు. దీపముల పట్ల, అద్దము తుడుచు పుల్లల పట్ల, వెనుక అద్దపు తీగల పట్ల పొదుపు పనికిరాదు. సంధ్యవేళ పది నిమిషములు దీపములు వేయకుండుటచే మిగులునది మూడు నాలుగు చెంచాల పెట్రోలు. వెల రెండు రూపాయలకు లోపు. ఆ పది నిమిషములలో ఎదుటి బండివానికి మనము కనబడకపోయిన కలుగు నష్టమునకు వెలకట్టగలవారెవరు? స్వీడను దేశము 1977 లోనే పగటివేళ గూడ కార్లు దీపములతో నడువవలెనని శాసించెను. మన దేశమునను 2017 ఏప్రిలు 1 వ తేది మొదలు క్రొత్తగా తయారగు స్కూటర్లకు, మోటారుసైకిళ్లకు ఇంజినుతోబాటు దీపము తనంత తానే వెలుగు ఏర్పాటు విధింపబడినది. దానివలన కొద్ది పెట్రోలు ఖర్చయినను, కనబడుట ముఖ్యమని పెద్దలు నిర్ణయించిరి. పెట్రోలు మిగుల్చుకొనదలచిన, బల్బు కాలిపోయినప్పుడు బండికి తగిన, చట్టము అనుమతించిన ఎల్.ఇ.డి. దీపము దొరకునేమో విచారింపవచ్చును గాని, చీకటిలో నడుపరాదు.

మఱియొక అపాయము గలదు. భర్త అంగడిలో పని చూచుకొనుచుండగానో, బిడ్డ నిద్రించుచున్నదనియో, కారు నిలిపి ఇంజిను నడిపి ఏ.సి. వేసికొని కూర్చుండుట పలువురికి అలవాటు. కదలని చిన్నకారు ఇంజిను గంటకు అరలీటరు మొదలు లీటరు వఱకు కాల్చును, ఏ.సి. తోడైన మఱింత. ధనము పోవుట అటుండనిండు. ఇంజిను పొగలో కార్బను మోనాక్సైడు అను విషవాయువు గలదు. దానికి రంగులేదు, వాసనలేదు. మూసిన షెడ్డులో, గోడల నడుమ ఇరుకు చోట, లేక పొగగొట్టము పగిలిన బండిలో అది లోపలికి చేరిన, నిద్రించువారు మేలుకొనకయే ప్రాణములు విడువవచ్చును. ఇంజిను నడుచుచుండగా నిలిచిన కారులో ఎన్నడును నిద్రింపరాదు. ఇంజిను ఆపి బిడ్డలను మూసిన కారులో విడిచిపోవుటయు అంత ఘోరమే. లోపలి వేడి ఎంత త్వరగా పెరుగునో పైన చెప్పియున్నాము.

బ్యాటరీ అప్పు, బ్యాటరీ కార్లు

ఇంజిను ఆపి రేడియో వినిన పెట్రోలు ఖర్చుకాదు గదా యని కొందఱందురు. అప్పటికి కాదు. అది చేబదులు వంటిది. బ్యాటరీనుండి వాడుకొన్నదానిని మరల బండి కదలినప్పుడు ఆల్టర్నేటరు నింపవలెను. ఇచ్చుటలోను పుచ్చుకొనుటలోను కొంత తరుగుపోవును గనుక వడ్డీతో తీర్చినట్లగును. చిన్నకారు బ్యాటరీలో నిలువయుండునది అరయూనిటునకు లోపే. దీపములు ఆర్పక దిగిపోయిన కొన్నిగంటలలో అది ఖాళీయై, తిరిగి వచ్చునప్పటికి బండి కదలదు.

క్రొత్తగా వచ్చుచున్న కార్లలో కొన్నిటియందు, వేగము తగ్గించునప్పుడు వ్యర్థమగు శక్తితోనే ఆల్టర్నేటరు హెచ్చుగా పనిచేయు ఉపాయము గలదు. పల్లమునకు జాఱుచున్నప్పుడు, కూడలివద్ద ఆగబోవునప్పుడు పుట్టిన ఆ కొంచెము విద్యుత్తు మాత్రము నిజముగ ఉచితమే యనవచ్చును.

పెట్రోలు లేక బ్యాటరీతోనే నడుచు కార్లకును ఈ న్యాయము తప్పదు. అందు చక్రములకును, చల్లనిగాలికిని ఒకే గాదె. కిలోమీటరునకు ఒక యూనిటులో ఏడవవంతు తిను కారులో, గంటకు ఒక యూనిటు తిను ఏ.సి. వేసిన, ఏడు కిలోమీటర్ల దూరము తగ్గినట్లు. ఇంటిలో నింపుకొను విద్యుత్తు చవుక గనుక ధనమునకు లోటు తక్కువ. దూరపు ఊరికి పోవునప్పుడు మాత్రము ఈ లెక్క వేసికొని బయలుదేఱవలెను.

గృహిణులు గమనింపదగినవి

పెట్రోలు పోయించినప్పుడెల్ల తేది, లీటర్లు, బండి నడచిన కిలోమీటర్లు ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనుడు. ప్రతిసారియు ట్యాంకు నిండ పోయించిననే లెక్క సరిగ వచ్చును. ఒక నెల వాడుక చొప్పున నడిపి, మఱునెల పైన చెప్పిన పద్ధతులు పాటించి, రెండు లెక్కలు పోల్చి చూడుడు. ఈ పని ఇంటిలో బడికిపోవు పిల్లకు అప్పగించిన, లెక్కలు నేర్చుటయు అగును. దిగునప్పుడు ఫ్యాను, వెనుక అద్దపు తీగలు, దీపములు ఆపియున్నవో లేవో చూచు అలవాటు చేసికొనుడు. చక్రములలో గాలి తగినంత యున్నదో లేదో నెలకొకసారి చూపింపుడు. తొందరపాటుగా ముందుకు దూకించి, వెంటనే బ్రేకు త్రొక్కు నడక వలన ఊరి వీథులలో నూటికి పది మొదలు నలువది పాళ్ల వఱకు పెట్రోలు వ్యర్థమగునని పైన చెప్పిన ఇంధనశాఖవారే తెలిపియున్నారు. రేడియో మాన్పించుటకంటె, నడుపువారిని నెమ్మదిగా పొమ్మనుటయే లాభకరము.

కారులో రాత్రివేళ వెలుగు కావలెను, వానలో అద్దము శుభ్రముగ నుండవలెను, ఎండలో పసివానికి చల్లదనము కావలెను. వీనికి అయిన పెట్రోలు సద్వ్యయమే. అక్కఱలేనివేళ తిరుగు ఫ్యానుకు, కదలని బండిలో మ్రోగు ఇంజినుకు పోసినది మాత్రము దుర్వ్యయము. ఏది యేదియో గుర్తెఱిగి నడచుకొను గృహిణి తన కుటుంబమునకు ధనమును, క్షేమమును గూడ కాపాడగలదని మా విశ్వాసము.